చలికాలంలో దేహం, మనసు

(స్మారకోపన్యాస పాఠం)

తెలుగిళ్లలో చలికాలం వచ్చిన సంగతి ముందుగా చెప్పేది కొబ్బరినూనె సీసా. ఆ నూనె సుమారు 24 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగితే పేరుకోవడం మొదలుపెడుతుంది. కార్తీకంలో ఒకనాటి పొద్దున సీసా బోర్లించినా చుక్క రాలదు. మూత దగ్గర పుల్లతో గెలికి, సీసాను కాసేపు ఎండలో పెట్టి, కరిగాక తలకు రాసుకుంటారు. ఆ రోజు మొదలుకొని, శివరాత్రికి చలి ‘శివశివా’ అంటూ వెళ్లిపోయేదాకా, ఒంటికీ మనసుకూ వేరే లెక్క నడుస్తుంది. పగలు కురచబడుతుంది. గాలి పొడిబారుతుంది. మనుషులు తలుపులు మూసుకుని ఇళ్లలోకి ముడుచుకుంటారు. చలికాలపు జబ్బుల్లో చాలా వాటికి ఈ మూడూ కలిసే కారణమవుతాయి.

తెలుగు నేల మీద చలి

చలి అన్నిచోట్లా ఒకలా ఉండదు. తెలంగాణ ఉత్తరాన ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగడం ఏటా ఉన్నదే. కొన్నేళ్లలో అయిదు డిగ్రీల కిందికీ పోతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ కొన్ని రాత్రులు సున్నా దగ్గరికి వస్తాయి. అదే కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపట్నాల్లో 15 డిగ్రీలకు దిగడమే అరుదు. భారత వాతావరణ శాఖ ‘శీతలగాలులు’ అని ప్రకటించడానికి పెట్టుకున్న కొలతల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది. మైదానాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో అంతకన్నా కిందికో దిగి, మామూలుకన్నా కనీసం 4.5 డిగ్రీలు తగ్గి ఉండాలి. తీరప్రాంతానికి ఆ 10 స్థానంలో 15 డిగ్రీలు సరిపోతాయి. ఒంటికి తెలిసేది అంకె కాదు, అలవాటైన వేడికీ ఆనాటి వేడికీ ఉన్న తేడా.

ఉత్తర దేశాల చలితో పోలిస్తే ఇదేమంత చలి అనిపించవచ్చు. కానీ చలిదేశాల వాళ్లకన్నా ఓ మోస్తరు చలి ఉన్న దేశాల వాళ్లే చలికి ఎక్కువ దెబ్బతింటున్నారని ఐరోపాలో జరిగిన పెద్ద అధ్యయనం ఒకటి 1997లో తేల్చింది. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ తగ్గితే ఉత్తరాదిన పెరిగే మరణాలకన్నా వెచ్చని దక్షిణాదిన పెరిగే మరణాలే ఎక్కువ. అక్కడ ఇళ్లు చలికి కట్టినవి కావు; బయటికి వెళ్లేటప్పుడు ఒళ్లంతా కప్పుకునే అలవాటూ తక్కువ. మన దేశంలో మరణాల నమోదును ఆధారం చేసుకుని 2018లో వెలువడిన అధ్యయనం కూడా ఇదే దారిలో ఉంది. విపరీతమైన చలి పడే కొద్ది రోజులకన్నా, ఎవరూ పట్టించుకోని మోస్తరు చలిరోజులే మొత్తమ్మీద ఎక్కువ ప్రాణాలు తీస్తున్నాయని అది చూపింది. పెంకుటింటికి, రేకుల ఇంటికి, గాలి బాగా ఆడేలా కట్టిన డాబా ఇంటికి చలిని ఆపే ఏర్పాటు ఉండదు. కాబట్టి జాగ్రత్త ఇంట్లో మనుషులే పడాలి.

చలికి ఒళ్లు చేసే పని

ఒంటి లోపలి వేడి 37 డిగ్రీల దగ్గర నిలవాలి. బయట చలి పెరగగానే చర్మం కింది సన్నటి రక్తనాళాలు ముడుచుకుంటాయి. రక్తం చేతులు, పాదాల నుంచి వెనక్కి తగ్గి గుండె, ఊపిరితిత్తులు, మెదడు వైపు మళ్లుతుంది. వేళ్లు చల్లబడి పాలిపోవడం ఇందువల్లే. అదీ చాలకపోతే కండరాలు వాటంతట అవే అదురుతాయి; వణుకు అనేది ఒళ్లు తన కోసం తాను రాజేసుకునే మంట. నాళాలు ముడుచుకోవడంతో లోపల రక్తం ఒత్తిడి పెరుగుతుంది. ఎక్కువైన ద్రవాన్ని మూత్రపిండాలు బయటికి పంపుతాయి. చలికాలంలో మాటిమాటికీ మూత్రానికి లేవాల్సి రావడానికి ఇదే కారణం.

లోపలి వేడి 35 డిగ్రీల కన్నా తగ్గితే దాన్ని వైద్యులు హైపోథెర్మియా అంటారు. మొదట వణుకు, మాట తడబాటు, నిద్రమత్తు. తరువాత వణుకు కూడా ఆగిపోతుంది. వణుకు ఆగడం కోలుకున్న గుర్తు కాదు, ప్రమాదం ముదిరిన గుర్తు. అలాంటి మనిషిని గాలి తగలని చోటికి మార్చి, తడిబట్టలు విప్పి, పొడి దుప్పట్లు కప్పి, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. చేతులూ కాళ్లూ రుద్దకూడదు.

మద్యం చలికి మందన్న నమ్మకం పాతది, తప్పుది కూడా. మద్యం ముడుచుకున్న నాళాలను తెరుస్తుంది. వెచ్చటి రక్తం చర్మం కిందికి వచ్చి ఒళ్లు కాగినట్టు అనిపిస్తుంది గానీ, లోపలి వేడి ఆ దారినే బయటికి పోతుంది. తాగి ఆరుబయట పడుకున్నవాడికి తాను చల్లబడుతున్న సంగతి కూడా తెలియదు.

గుండె, రక్తనాళాలు

బీపీ ఉన్నవాళ్లకు వేసవికన్నా చలికాలంలో అంకెలు ఎక్కువగా వస్తాయి. వేసవిలో సరిపోయిన మందు మోతాదు ఇప్పుడు చాలకపోవచ్చు. అందుకే కార్తీకంలో ఒకసారి, సంక్రాంతి తరువాత ఒకసారి బీపీ చూపించుకుని, మందు మార్పు వైద్యుడికే వదలాలి. గుండెపోటు, పక్షవాతం రోజు మొత్తంలో తెల్లవారి వేళల్లో ఎక్కువగా వస్తాయి. నిద్రలేచేటప్పుడు బీపీ సహజంగానే పెరుగుతుంది. దానికి చలి తోడైతే భారం రెట్టింపవుతుంది. గుండెజబ్బు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు చీకటితో నడకకు వెళ్లకుండా, పొద్దెక్కి నీరెండ పడ్డాక వెళ్లడం మంచిది. లేచీ లేవగానే గబగబా నడవకుండా ఇంట్లోనే నాలుగడుగులు వేసి, ఒళ్లు కాస్త వేడెక్కాక బయటికి రావాలి.

తెలుగునాట ఇదే కాలంలో తెల్లవారుజామున చన్నీటి స్నానాలు ఎక్కువ. కార్తీకంలో నదీస్నానాలు, ధనుర్మాసంలో వేకువ పూజలు, నవంబరు నుంచి జనవరి దాకా 41 రోజుల అయ్యప్ప దీక్షలు. ఆరోగ్యవంతుడికి దీక్ష కొత్త క్రమశిక్షణ నేర్పుతుంది. గుండెకు స్టెంటు వేయించుకున్నవాడికీ, ఉబ్బసం ఉన్నవాడికీ, ఇన్సులిన్ తీసుకునేవాడికీ మాత్రం లెక్క వేరు. ఒక్కసారిగా తలమీద చన్నీళ్లు పడితే నాళాలు బిగుసుకుని, బీపీ క్షణాల్లో ఎగబాకుతుంది. ఇలాంటివాళ్లు గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయాలి. చన్నీళ్లు తప్పనిసరైతే ముందు పాదాలు, తరువాత కాళ్లు, చేతులు తడుపుకుని చివరికి తలకు వెళ్లాలి. దీక్షలో ఒంటిపూట భోజనం చేసేవాళ్లు షుగర్ మందును సొంతంగా ఆపకూడదు, అదే మోతాదు కొనసాగించనూ కూడదు. మాల వేసుకునే ముందే వైద్యుడిని అడిగి మార్చుకోవాలి.

ఛాతీ మధ్యలో బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చలిలోనూ చెమట పడితే అది గ్యాస్ అని కూర్చోకూడదు. మూతి ఒకవైపు వంకరపోవడం, చెయ్యి ఎత్తితే జారిపోవడం, మాట ముద్దగా రావడం పక్షవాతం గుర్తులు. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటలలోపే పనికొస్తుంది. తెల్లారేదాకా ఆగుదామనుకునేలోపు ఆ గడువు కాస్తా దాటిపోతుంది. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఊపిరి

చలిరాత్రుల్లో నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది. దానిపైన వెచ్చటి గాలి మూతలా నిలుస్తుంది. వాహనాల పొగ, చెత్త కాల్చిన పొగ, దుమ్ము పైకి పోలేక ఆ మూత కిందే ఉండిపోతాయి. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాల్లో పొద్దున్నే కనిపించే తెల్లటి తెరలో మంచు ఎంతో పొగ కూడా అంత. ఎండ ఎక్కాక నేల వేడెక్కి మూత తెరుచుకుంటుంది. నడకను పొద్దెక్కేదాకా వాయిదా వేయడానికి ఇది రెండో కారణం.

ఉబ్బసం, దీర్ఘకాలిక శ్వాసరోగం ఉన్నవాళ్లకు చల్లటి పొడిగాలి శ్వాసనాళాలను బిగిస్తుంది. పిల్లికూతలు, రాత్రి దగ్గు, ఆయాసం మొదలవుతాయి. ఇన్‌హేలర్ అలవాటవుతుందన్న భయంతో దాన్ని పక్కన పెట్టేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కానీ మాత్రకన్నా చాలా తక్కువ మోతాదు మందును నేరుగా ఊపిరితిత్తులకు చేర్చేది ఇన్‌హేలరే. చలికాలంలో దాన్ని మానకూడదు. ముక్కూ నోరూ కప్పేలా మఫ్లర్ చుట్టుకుంటే లోపలికి పోయే గాలి కాస్త వెచ్చబడుతుంది.

జలుబు, ఫ్లూ వైరస్‌ల వల్ల వచ్చేవి. చలిగాలి వాటిని పుట్టించదు, వాటికి దారి మాత్రం ఇస్తుంది. చలికి ముక్కు లోపలి పొర ఎండి, వైరస్‌ను అడ్డుకునే శక్తి తగ్గుతుంది. తలుపులూ కిటికీలూ మూసిన గదిలో నలుగురు చేరితే ఒకరి దగ్గు మిగతా ముగ్గురికీ పంచినట్టే. మన దేశంలో ఫ్లూ వానాకాలంలో ఒకసారి, జనవరి–మార్చి మధ్య మరోసారి విజృంభిస్తుంది. పెద్దవాళ్లు, గర్భిణులు, షుగర్, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు ఏటా ఫ్లూ టీకా వేయించుకోవడం మేలు. టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి చలి ముదరకముందే వేయించుకోవాలి. జలుబుకు యాంటీబయాటిక్ పనిచేయదు. విశ్రాంతి, వెచ్చటి నీళ్లు, మిరియాల చారు, ఉప్పునీటితో పుక్కిలించడం చాలు. దగ్గుకు అల్లంరసం, తేనె ఉపశమనమిస్తాయి గానీ ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు. రెండేళ్లలోపు పిల్లలకు కర్పూరం కలిసిన మందులు పూయకూడదు. ఆవిరి పట్టేటప్పుడు మరిగే గిన్నెను పిల్లల ఒడి దగ్గర పెట్టడం జలుబుకన్నా పెద్ద ప్రమాదం.

కుంపటి

చలికాలపు మరణాల్లో పూర్తిగా తప్పించగలిగినవి మూసిన గదిలో కుంపటి వల్ల జరిగేవి. బొగ్గు అరకొరగా కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్‌కన్నా రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తరువాత తల తిరగడం, వికారం, మగత. నిద్రపోతున్నవాళ్లకు ఈ మెట్లేవీ తెలియవు. బొగ్గు పైకి ఆరినట్టు కనిపించినా లోపల రాజుకుంటూ వాయువును వదులుతూనే ఉంటుంది. అందుకే కుంపటినీ నిప్పులగిన్నెనూ పడకగదిలోకి తీసుకుపోకూడదు. స్నానాల గదిలో పెట్టిన గ్యాస్ గీజర్, మూసిన షెడ్డులో ఇంజను ఆపకుండా నిలిపిన కారు కూడా ఇంతే ప్రమాదం. ఒకే గదిలో పడుకున్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వస్తే ముందు తలుపు తీసి అందరినీ బయటికి తేవాలి. కారణం తరువాత వెతకవచ్చు.

చలిమంట ఆరుబయటే వేసుకోవాలి. చీరకొంగు, దుప్పటి అంచు మంటకు దూరంగా ఉండాలి. భోగిమంటలో పాత టైర్లు, ప్లాస్టిక్ వేస్తే ఆ పొగ వీధిలోని ఉబ్బసం రోగులందరికీ తగులుతుంది. మంటకు ఎండుకట్టె, పిడకలు చాలు.

చర్మం, పాదాలు

పొడిగాలి చర్మంలోని తేమను లాగేస్తుంది. మరీ వేడినీళ్లు, సబ్బు పైనున్న సహజమైన జిడ్డును కడిగేస్తాయి. పెదాలు పగలడం, పిక్కల మీద తెల్లగా పొట్టు లేవడం, మడమలు చీలడం ఇలా మొదలవుతాయి. పొగలు కక్కే నీళ్లకు బదులు గోరువెచ్చని నీళ్లు, తక్కువ సబ్బు, తుడుచుకున్న మూడు నాలుగు నిమిషాల్లోనే కొబ్బరినూనో నువ్వులనూనో పట్టించడం చాలావరకు సరిపోతుంది. భోగినాడు నువ్వులనూనె పట్టించి నలుగు పెట్టి తలంటడం వెనుక ఈ అనుభవమే ఉంది.

షుగర్ చాలాకాలంగా ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. వేడినీళ్ల సంచీ పెట్టుకున్నా, కాళ్లు చలిమంటకు చాపినా కాలిన సంగతి పొద్దున బొబ్బ చూస్తేగాని తెలియదు. అలాంటివాళ్లు వెచ్చదనానికి మేజోళ్లనే నమ్ముకోవాలి. మడమ పగుళ్లలో చీము పట్టకుండా రోజూ రాత్రి పాదాలు చూసుకోవాలి.

పసివాళ్లు, పెద్దవాళ్లు

అప్పుడే పుట్టిన బిడ్డ వణకలేదు; ఒంటి బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ కావడంతో వేడి త్వరగా పోతుంది. పుట్టగానే స్నానం చేయించడం పాత అలవాటు. కనీసం 24 గంటలు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. బరువు తక్కువగా పుట్టిన బిడ్డను తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పడం అన్నిటికన్నా మంచి వెచ్చదనం. తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు ఉండాలి; ముఖం మీదికి మాత్రం దుప్పటి రాకూడదు.

డెబ్బై దాటినవాళ్లకు చలి తెలియడమే ఆలస్యమవుతుంది. కండ తగ్గి వణుకూ తగ్గుతుంది. ‘నాకేం చలి లేదు’ అన్న మాటను నమ్మకుండా చేతులు, పొట్ట పట్టుకుని చూడాలి. ఒక మందపాటి స్వెటర్ కన్నా రెండు మూడు పలుచటి బట్టలు ఒకదాని మీద ఒకటి వేస్తే మధ్యలోని గాలి వేడిని నిలుపుతుంది. చలిదేశాల ఇళ్లలో గది ఉష్ణోగ్రత 18 డిగ్రీలకన్నా తగ్గకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది. ఆదిలాబాద్ పెంకుటింట్లో ఆ అంకెను అందుకోవడం కష్టం. మంచం కిందా పైనా పరుపో గోనెపట్టాయో వేయడం, కిటికీ సందులకు గుడ్డ కుట్టడం, మంచాన్ని గోడకు జానెడు ఎడంగా జరపడం అక్కడ చేయగల పనులు. ఆరుబయట పనిచేసేవాళ్ల సంగతి వేరు. తెల్లవారకముందే వీధులూడ్చే పారిశుద్ధ్య కార్మికులకూ, రాత్రి కాపలాదారులకూ, ఆసుపత్రి ఆవరణలో నేలమీద పడుకునే రోగుల బంధువులకూ జాగ్రత్తలు చెబితే చాలదు. స్వెటర్లు, దుప్పట్లు, తలదాచుకునే చోటు ఇవ్వాలి. చన్నీటి స్నానంతో బడికి తయారయ్యే వసతిగృహం పిల్లలకు వేడినీళ్లు కూడా ఆరోగ్య సదుపాయమే.

తిండి, నీళ్లు

హేమంతంలో జఠరాగ్ని బలంగా ఉంటుందనీ, స్నిగ్ధమైన ఆహారం, నూనె మర్దన తగుననీ చరక సంహిత సూత్రస్థానం ఆరో అధ్యాయం చెబుతుంది. నువ్వులద్దిన అరిసెలు, తెలంగాణ సకినాలు, మినపసున్నుండలు, సజ్జరొట్టె ఈ కాలానికే చెందినవి. నువ్వుల్లో కొవ్వుతో పాటు కాల్షియం కూడా ఉంది. ఉసిరి, జామ ఇచ్చే విటమిన్ సి కోసం మాత్రలు కొనక్కర్లేదు. చిక్కుడు, పచ్చికంది, ఆకుకూరలు సంతలో చవకగా దొరుకుతాయి. అయితే ఈ వంటలు పొలంలో రోజంతా పనిచేసిన ఒంటి కోసం పుట్టాయి. కుర్చీలో కూర్చుని పనిచేసేవాడు పండుగ నెలంతా అరిసెలు తింటే శివరాత్రినాటికి బరువు, షుగర్ రెండూ పెరుగుతాయి.

చలిలో దాహం వేయదు. నీళ్లు మాత్రం పోతూనే ఉంటాయి. మలబద్ధకం, మూత్రంలో మంట, తలనొప్పికి చాలాసార్లు నీళ్లు తగ్గడమే మూలం. చెంబుడు గోరువెచ్చని నీళ్లు కళ్లెదురుగా పెట్టుకుంటే గుర్తుండి తాగుతారు.

వెలుతురు, మనసు

కంటి వెనక పొరలో చూపుతో సంబంధం లేకుండా వెలుతురును మాత్రమే కొలిచే కణాలు కొన్ని ఉన్నాయి. అవి మెదడులోని గడియారానికి పగలు మొదలైందని కబురు పంపుతాయి. చీకటిపడ్డాక నిద్రకు సాయపడే మెలటోనిన్ ఊరుతుంది. గట్టి వెలుతురు మనిషిలో దాన్ని అణచగలదని ఆల్ఫ్రెడ్ లెవీ బృందం 1980లో చూపింది. దక్షిణాఫ్రికాలోని జోహానెస్‌బర్గ్ ఎండలో పెరిగిన మనోవైద్యుడు నార్మన్ రోసెంథాల్ 1976లో అమెరికా చేరాడు. అక్కడి చలికాలాల్లో తన ఉత్సాహం తగ్గి, వసంతంలో తిరిగి రావడం గమనించాడు. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో ఆయన బృందం 1984లో ఈ స్థితిని వర్ణించి, రుతుసంబంధమైన కుంగుబాటుగా పేరుపెట్టింది. ఏటా ఆకురాలు కాలంలో మొదలై వసంతంలో తగ్గడం, అతినిద్ర, పిండిపదార్థాల మీద యావ, బరువు పెరగడం, మనుషులకు దూరం జరగడం దాని లక్షణాలు.

డిసెంబరు మూడో వారంలో హైదరాబాదుకు సుమారు 11 గంటల పగలు ఉంటుంది. చికాగోలో తొమ్మిది గంటలు, సియాటిల్‌లో ఎనిమిదిన్నర లోపు, లండన్‌లో ఎనిమిది కన్నా తక్కువ. ఆ నగరాల్లో చీకటితో ఆఫీసుకు వెళ్లి చీకటితో ఇల్లు చేరే తెలుగువాడికి వారంరోజులు సూర్యుడు కనిపించకపోవచ్చు. పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రుల ఇబ్బంది ఇంకా పెద్దది. కారు నడపడం రాదు, వీధిలో పలకరించేవాళ్లు లేరు, బయట మంచు. వాళ్ల మౌనాన్ని అలవాటుపడటంగా పొరబడే వీలుంది. మేఘావృతమైన పగటిపూట కూడా బయటి వెలుతురు వెయ్యి లక్స్ (వెలుతురు కొలత) దాటుతుంది. ఇంట్లో దీపాల వెలుతురు కొన్ని వందలే. కాబట్టి మధ్యాహ్నం అరగంట బయట నడవడం మొదటి చికిత్స. చాలనివాళ్లకు పొద్దున్నే అరగంట పాటు పదివేల లక్స్ దీపం ముందు కూర్చునే పద్ధతి, మాటల చికిత్స, మందులు ఉన్నాయి. కంటి జబ్బు, బైపోలార్ సమస్య ఉన్నవాళ్లు వైద్యుడిని అడగకుండా ఆ దీపం వాడకూడదు.

విటమిన్ డి సంగతీ ఇంతే. బోస్టన్ ఉన్న అక్షాంశంలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండకు చర్మంలో ఆ విటమిన్ తయారు కాదు. నల్లటి చర్మానికి మరింత ఎండ కావాలి. బ్రిటన్ ప్రభుత్వం చలికాలంలో అందరికీ, దక్షిణాసియా మూలాలవాళ్లకు ఏడాది పొడుగునా రోజుకు పది మైక్రోగ్రాముల విటమిన్ డి సూచిస్తోంది. తెలుగునాట మాత్రం డిసెంబరు మధ్యాహ్నపు ఎండ కూడా పనికొస్తుంది. అందులోకి వెళ్లాలి అంతే.

పదకొండు గంటల పగలున్న చోట వచ్చే దిగులును చలిమీద తోసేయడం తరచు పొరపాటవుతుంది. ఇక్కడ మనసు కుంగేది ఎక్కువగా ఇతర కారణాలతో: నడక మానడం, అరుగుమీద కబుర్లు ఆగడం, కీళ్లనొప్పులతో నిద్ర చెడటం, ఇంట్లోనే ఒంటరిగా మిగలడం. నిద్రలేచే వేళ మార్చకపోవడం, పగలు కిటికీ దగ్గర కూర్చోవడం, రోజుకు ఒక మనిషితోనైనా ముఖాముఖి మాట్లాడటం చిన్నవిగా కనిపించే మందులు. దిగులు, ఏ పనిమీదా ఇష్టం లేకపోవడం రెండు వారాలు దాటితే అది కాలం మహిమ కాదు, చికిత్స ఉన్న జబ్బు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలిమానస్ సహాయవాణి 14416 నంబరులో తెలుగులో మాట్లాడవచ్చు. అమెరికాలో ఆపదవేళ పిలవాల్సిన నంబరు 988. చనిపోవాలన్న మాట ఎవరి నోట వచ్చినా ఆ రోజే పలకాలి.

తలుపు

చలిని ఆపడానికి మూసిన తలుపు గాలిని కూడా ఆపుతుంది. అందువల్ల ఫ్లూ, కుంపటి పొగ. వెలుతురును ఆపుతుంది, అందువల్ల నిద్ర, ఉత్సాహం, ఎముకల బలం దెబ్బతింటాయి. మనుషులను ఆపుతుంది, అందువల్ల దిగులు. రాత్రి తలుపు మూయక తప్పదు. పొద్దెక్కాక తెరవడం మరిచిపోవడమే తప్పు. చలికాలపు ఆరోగ్య నియమాలన్నీ పాటించే తీరిక లేని ఇల్లు ఈ ఒక్కటి చేసినా చాలా మేలు: నీరెండ పడగానే తలుపు తీసి, ఇంట్లోని పెద్దవాళ్ల కుర్చీని ఎండపొడ ఉన్నచోటికి జరిపి, పక్కన కాసేపు కూర్చోవాలి.